బూడిద నీళ్ళ నుంచి పొటాషియం దాకా: మా ఇంటి క్షారాల ప్రాజెక్టు డైరీ

మే 4, ఆదివారం

ఈ ప్రాజెక్టు ఎట్ల మొదలైందో ముందు రాసిపెడతా, లేకుంటే నాలుగు రోజులు పోతే నేనే మర్చిపోతా. మా అక్క కూతురు పదో తరగతికి వచ్చింది, సెలవులకి చంద్రగిరి దగ్గర మా పల్లెకి వచ్చింది, వచ్చేటప్పుడే పదో తరగతి సైన్స్ పుస్తకం ఎవరిదో పాతది అడిగి తెచ్చుకుంది. నిన్న రాత్రి అన్నం తింటా ఉంటే అడిగింది. "మామా, క్షారాలంటే సబ్బు నీళ్ళు, సున్నం నీళ్ళు అని రాసుండాది. క్షార లోహాలంటే సోడియం, పొటాషియం అని ఇంకోచోట ఉండాది. లోహం యాడ, సున్నం నీళ్ళు యాడ? రెండిటికీ అదే పేరు ఎందుకు పెట్టినారు?"

నాకు జవాబు రాలేదు. నాది తిరుపతిలో ఇన్వర్టర్ బ్యాటరీల షాపు. యాసిడ్ అంటే నాకు రోజూ పని, యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ ముంచి 1250 ఉందా 1280 ఉందా చూసి బ్యాటరీ ఫుల్లా కాదా చెప్పేస్తా, ప్యాంటు మీద చుక్క పడితే ఉతికినప్పుడు అక్కడ బొక్క పడుతుందని తెలుసు, యాసిడ్‌ని నీళ్ళల్లో పోయాలి గానీ నీళ్ళని యాసిడ్‌లో పోయకూడదని మా దగ్గర పని నేర్చుకునే పిల్లోడికి మొదటి రోజే చెప్తా. కానీ క్షారం గురించి ఏం తెలుసు అని నన్ను నేనే అడుక్కుంటే, యాసిడ్ కిందపడితే సోడా ఉప్పు నీళ్ళు పోసి కడగాలి, అంతే. అది ఎందుకు పనిచేస్తుందో ఎప్పుడూ ఆలోచించింది లేదు.

మా అమ్మ ఒక మాట అనింది, దాంతోనే దారి దొరికింది. "బూడిద నీళ్ళు కూడా చేతికి జర్రున జారతాయి గదరా. సబ్బు కొనే స్తోమత లేని రోజుల్లో మేము గుడ్డలు దాంట్లోనే నానబెట్టినాము." సరే, బూడిద దగ్గరే మొదలుపెడదాం అనుకున్నాం. నీళ్ళు కాగే పొయ్యి ఇంకా కట్టెలదే, మామిడి కట్టె, టెంకాయ చిప్పలు తప్ప వేరే ఏమీ కాల్చము, బూడిదకి కరువు లేదు.

మే 6

బూడిద కంటే ముందు చూసే సాధనం కావాల, ఏది ఆమ్లమో ఏది క్షారమో రంగుతో చెప్పేది. మూడు చేసుకున్నాం.

మొదటిది పసుపు కాగితం. పసుపుని ఉత్త నీళ్ళల్లో కలిపితే అడుగుకి దిగిపోతుంది, మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో కలిపితే మాత్రం బాగా దిగుతుంది రంగు, దాంట్లో తెల్ల కాగితం ముంచి నీడలో ఆరబెట్టి పట్టీలుగా కత్తిరించింది పాప. రెండోది మందారపూల నీళ్ళు. మూడోది కంచెకి పాకిన శంఖుపూలు, నీలంవి, వేడి నీళ్ళల్లో వేస్తే అయిదు నిమిషాల్లో సిరా మాదిరి అయిపోయినాయి. వీటికి తోడు తిరుపతిలో ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో ఒక పీహెచ్ పేపర్ పుస్తకం కొన్నా, 7 కి తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం అని అంకెతో చెప్తుంది అది, మన రంగులు నిజమే చెప్తున్నాయా అని సరిచూసుకోను.

ఇంక ఇంట్లో ఉండే ప్రతీదీ పరీక్షే. నిమ్మరసం పీహెచ్ పేపర్ మీద 2, చింతపండు పులుసు 3 కి కొంచెం తక్కువ, పచ్చి బెంగుళూరు మామిడికాయ రసం 3, పెరుగు 4 దాటింది, చెరుకురసం 5, కొళాయి నీళ్ళు 7 కి పైన, సోడా ఉప్పు 8 దాటి, బట్టల సబ్బు 10, తాంబూలానికి వాడే సున్నం పైన తేరిన నీళ్ళు 12. శంఖుపూల నీళ్ళు నిమ్మరసంలో ఊదా గులాబీ అయినాయి, సబ్బులో పచ్చ, సున్నం నీళ్ళల్లో ముందు పచ్చగా మారి కొంచెంసేపటికి పసుప్పచ్చగా తిరిగినాయి. మందారం నిమ్మకాయకి ఎర్రగులాబీ, సున్నానికి పచ్చ.

ఈ పీహెచ్ అంకె గురించి ఒక ముక్క చెప్పాల, ఎందుకంటే పాప 2 కి 3 కి ఒక్కటే కదా తేడా అనింది. ఒక్కటి కాదు, పది రెట్లు. నీళ్ళల్లో హైడ్రోజన్ అయాన్లు, అంటే కరెంటు ఆవేశం ఉన్న హైడ్రోజన్ కణాలు, ఎన్ని ఉన్నాయో చెప్పే లెక్క ఇది, 1909 లో డెన్మార్క్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ల్యాబ్‌లో పనిచేసే సోరెన్సన్ అనే ఆయన తెచ్చినాడు, ఒక్కో మెట్టు దిగితే ఆ అయాన్లు పది రెట్లు పెరుగుతాయి. అట్ల చూస్తే నిమ్మరసం చెరుకురసం కంటే వెయ్యి రెట్లు పులుపు. నాలుక అంత లెక్క చెప్పలేదు, చెరుకులో చక్కెర పులుపుని కప్పేస్తుంది.

పసుపు ఆమ్లానికి మాత్రం ఏమీ మారదు, పసుపుగానే ఉండిపోతుంది. క్షారం తగిలితేనే ఎర్రబడుతుంది. అది చూడగానే మా అమ్మ "దిష్టి నీళ్ళు గదా ఇది" అనేసింది. నిజమే, పసుపులో సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేసి పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ దిష్టి తీస్తాం గదా, ఇన్నాళ్ళూ కళ్ళ ముందు జరిగింది క్షారం పరీక్షే.

చెరుకు మాటొచ్చింది గాబట్టి ఇంకోటి. మా తాతకి చిత్తూరు పక్క బెల్లం గానుగ ఉండేది. పెద్ద పెనంలో చెరుకురసం కాగుతా ఉంటే సున్నపు తేట పోసేవాడు, మడ్డి అంతా పైకి తేలి తెట్టు కట్టేది, గంటెతో తీసేసేవాళ్ళు. చిన్నప్పుడు అది ఊరికే మురికి పోవడానికి అనుకున్నా. ఇప్పుడు 5 అనే అంకె చూసినాక అర్థమైంది, రసంలో ఉన్న పులుపుని సున్నం చంపేస్తుంది, పులుపు ఉంటే చక్కెర వేడికి విరిగిపోయి బెల్లం గట్టిపడదు, ముద్ద కట్టదు. సున్నం జాస్తి అయితే బెల్లం నల్లబడుతుందని తాత తిట్టేవాడు కూడా. పీహెచ్ పేపర్ లేకుండా రంగు చూసి, వాసన చూసి అంత కరెక్టుగా పోసేవాడు మా తాత.

మే 10

బూడిద నీళ్ళు దించినాం. పాత కుండకి అడుగున చిన్న బొక్క, దానిమీద గడ్డి, గడ్డి మీద గుడ్డ, పైన జల్లెడ పట్టిన తెల్ల బూడిద రెండు కిలోలు. నల్ల బొగ్గు ముక్కలు అన్నీ ఏరేసినాం. నీళ్ళు మా షాపు డిస్టిల్డ్ వాటరే, ఎందుకంటే బోరు నీళ్ళల్లో ఉండే కాల్షియం, మెగ్నీషియం ఇక్కడ లెక్క చెడగొడతాయి. చుక్క చుక్క దిగేసరికి సాయంత్రం అయింది, టీ డికాక్షన్ రంగులో రెండు లీటర్లు వచ్చినాయి. పీహెచ్ పేపర్ 11. పసుపు కాగితం పెట్టీ పెట్టకముందే రక్తం రంగు.

వేలు ముంచితే జారింది. పాప మళ్ళీ మళ్ళీ రుద్ది చూస్తా ఉంటే చెయ్యి లాగేసినా. దీని గురించి తెలుసుకున్నాకే రాస్తున్నా, ఆ జారుడు నీళ్ళది కాదు, మన చర్మం మీద ఉండే నూనె క్షారంతో కలిసి అక్కడికక్కడే సబ్బుగా మారతా ఉంది, అందుకే జారుతుంది. యాసిడ్ పడితే చురుక్కుమంటుంది, వెంటనే చెయ్యి వెనక్కి తీస్తాం. గాఢమైన క్షారం అట్ల కాదు, ముందు నొప్పి తెలీకుండానే లోపలికి దిగుతుంది. కంట్లో పడితే యాసిడ్ కంటే క్షారమే జాస్తి ప్రమాదం. ఇన్నేళ్ళు యాసిడ్‌కే భయపడి సున్నం బకెట్టు పక్కన పిల్లల్ని ఆడనిచ్చినామే అని బాధేసింది. ఈ రోజు నుంచి ఇద్దరికీ కళ్ళద్దాలు, గ్లవుజులు, పక్కన ఒక బకెట్టు మంచినీళ్ళు.

మే 11

తప్పు జరిగింది, నాదే. బూడిద నీళ్ళు ఇంకించి గడ్డ చేద్దామని చేతికి దొరికిన సిల్వర్ గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టినా. మనం సిల్వర్ అంటాం గానీ అది అల్యూమినియమే. వేడెక్కగానే అడుగు నుంచి సన్నగా బుడగలు, నేను కాగుతున్నాయి అనుకున్నా, కానీ అప్పటికి చెయ్యి పెడితే ఓర్చుకునేంత వేడి కూడా లేదు. దించి చూస్తే గిన్నె లోపల నల్లగా, గరుకుగా, అక్కడక్కడా గుంతలు. అమ్మ పెళ్ళప్పటి గిన్నె అది.

అల్యూమినియం మీద పలచగా ఒక ఆక్సైడ్ పొర ఉంటుంది, ఆ పొర వల్లే అది తుప్పు పట్టకుండా ఉంటుంది. క్షారం ఆ పొరని కరిగించేస్తుంది, లోపలి లోహం నీళ్ళకి దొరికిపోయి హైడ్రోజన్ గ్యాస్ వదులుతుంది, నేను చూసిన బుడగలు అవే. చింతపండు పులుసు సిల్వర్ గిన్నెలో పెట్టొద్దంటారు, బూడిద నీళ్ళు కూడా పెట్టకూడదు, ఆమ్లానికీ క్షారానికీ రెండిటికీ లొంగే లోహం అది. అమ్మ ఏమీ అనలేదు, గిన్నె తీసి పక్కన పెట్టింది.

మే 14

ఈసారి స్టీలు గిన్నె, కొత్తగా దించిన నీళ్ళు. మూడు గంటలు సన్నమంట మీద ఇంకించినాం, ఆఖర్లో చిటపట ఎగురుతుంది, మూత అడ్డం పెట్టాల. అడుగున లేత గోధుమ రంగు పెచ్చు మిగిలింది, గీకి తూకం వేస్తే 60 గ్రాములు. రెండు కిలోల బూడిదలో నీళ్ళకి కరిగి వచ్చింది ఇంతే, మిగతాది ఎక్కువ భాగం సున్నం జాతి, కాల్షియం కార్బొనేట్, అది నీళ్ళకి దిగదు. కరిగి వచ్చిన దాంట్లో ముఖ్యమైంది పొటాషియం కార్బొనేట్. చెట్టు మట్టిలోంచి పీల్చుకున్న పొటాషియంలో ఎక్కువ భాగం కట్టె కాలినాక ఈ రూపంలో మిగిలిపోతుంది.

ఇప్పుడు పేరు సంగతి. ఇంగ్లీషువాళ్ళు కుండల్లో బూడిద నీళ్ళు ఇంకించి చేసేవాళ్ళు గాబట్టి దాన్ని కుండ బూడిద అనే అర్థంలో పాటాష్ అన్నారు, దాంట్లోంచి పొటాషియం అనే పేరు పుట్టింది. మేము చేసింది అక్షరాలా అదే పని! అరబ్బులు ఉప్పు నేలల్లో పెరిగే మొక్కల బూడిదని అల్ ఖలీ అన్నారు, దాంట్లోంచి ఆల్కలీ వచ్చింది, పొటాషియంకి గుర్తుగా వాడే 'కె' అక్షరం కూడా కాలియం అని దాంట్లోంచే. పాపకి ఇది చెప్తే లేచి నిలబడింది. "అంటే ముందు బూడిదకి పేరు పెట్టి, ఆ పేరే లోహానికి పెట్టినారా మామా?" అవును, లోహం దొరికింది చాలా తర్వాత.

మన భాషలో ఒక చిక్కు ఉంది, ఇది రాయాలనిపించింది. ఆమ్లాన్ని విరిచేదాన్ని మొత్తంగా బేస్ అంటారు, వాటిల్లో నీళ్ళకి బాగా కరిగేదాన్ని ఆల్కలీ అంటారు. మనం మామూలుగా రెండిటికీ క్షారం అనే అనేస్తాం. కడుపు మంటకి తాగే తెల్ల మందులో ఉండే మెగ్నీషియం హైడ్రాక్సైడ్ నీళ్ళకి సరిగ్గా కరగదు, అది బేసే గానీ బూడిద నీళ్ళ లాంటిది కాదు, అందుకే గొంతు కాలకుండా తాగగలుగుతున్నాం. సున్నంలో ఉండే కాల్షియం, మూలకాల పట్టికలో క్షార లోహాలకి పక్క వరసది, క్షార మృత్తిక లోహం అంటారు. పాప పుస్తకంలో ఆ పట్టిక తెరిచి ఎడమ చివరి నిలువు వరస వేలుతో చూపించింది, లిథియం, సోడియం, పొటాషియం, రుబిడియం, సీజియం, ఫ్రాన్షియం. ఈ ఆరే క్షార లోహాలు.

మే 15

పెచ్చుని గిన్నెలో మూత లేకుండా పెట్టి పడుకున్నాం. తెల్లారి చూస్తే తడి ముద్ద. వాన లేదు, నీళ్ళు పడలేదు. పొటాషియం కార్బొనేట్‌కి గాలిలో చెమ్మ పీల్చుకునే గుణం ఉంది. మళ్ళీ వేడి చేసి, గట్టి మూత ఉన్న గాజు సీసాలో పోసినాం.

మే 18

కొలత రోజు. నాకు చాలా ఇష్టమైన రోజు ఇది, ఎందుకంటే నేను కొలిచి బతికేవాణ్ణి.

1 గ్రాము పెచ్చు 20 ఎంఎల్ నీళ్ళల్లో కరిగించి, 4 శాతం అసిటిక్ యాసిడ్ అని సీసా మీద రాసున్న వినిగర్‌ని సూది తీసేసిన సిరంజితో కొంచెం కొంచెం పోస్తా పోయింది పాప, లోపల రెండు చుక్కలు పసుపు స్పిరిట్. 8 ఎంఎల్ దాటగానే ఎరుపు పోయి పసుపు. నేను అయిపోయింది అనేసినా. పాప మాత్రం "మామా, అయిపోతే పొంగాల గదా, పొంగనే లేదే" అనింది. నేను ఇంకా పోయమన్నా. అప్పుడు బుస్సున నురగ మొదలైంది, 16 ఎంఎల్ దగ్గర నురగ ఆగింది, పేపర్ మీద 5 కి వచ్చింది.

సగానికి సగం. 8, 16. ఇది అనుకోకుండా పడిన అంకె కాదు. కార్బొనేట్ ఆమ్లాన్ని రెండు మెట్లలో తింటుంది. మొదటి మెట్టులో ఒక హైడ్రోజన్ అయాన్ తీసుకుని బైకార్బొనేట్ అవుతుంది, ఆమాత్రానికి గ్యాస్ రాదు, కానీ పీహెచ్ 8 దగ్గరికి పడిపోతుంది, పసుపు రంగు మార్చేది సరిగ్గా అక్కడే. రెండో మెట్టులో ఇంకో హైడ్రోజన్ అయాన్ తీసుకుని కార్బన్ డయాక్సైడ్‌గా పొంగిపోతుంది. అంటే పసుపు మాకు అబద్ధం చెప్పలేదు, సగం దారిలో ఉన్న మైలురాయి చూపించింది.

ఇక్కడ నా షాపు సంగతి తెలిసొచ్చింది. మేము యాసిడ్ కడగడానికి పోసే సోడా ఉప్పు, సోడియం బైకార్బొనేట్, అది ఆ మధ్య మెట్టులో ఉన్న సరుకే. ఎంత జాస్తి పోసినా పీహెచ్ 8 దాటి పెద్దగా పోదు, చెయ్యి కాలదు, యాసిడ్ ఉన్నంతసేపూ పొంగుతుంది, పొంగు ఆగితే యాసిడ్ అయిపోయినట్టు. కాస్టిక్ సోడా పోస్తే యాసిడ్ చచ్చినా ఆ తర్వాత మిగిలిన కాస్టిక్ మనల్ని కాలుస్తుంది. పద్నాలుగేళ్ళుగా చేస్తున్న పనికి కారణం ఈ రోజు దొరికింది.

లెక్క కూడా కట్టినాం. పెచ్చు అంతా నూటికి నూరు పొటాషియం కార్బొనేట్ అయితే 1 గ్రాముకి ఈ వినిగర్ 22 ఎంఎల్ దగ్గర దగ్గర పట్టాల. మాకు 16 పట్టింది, నూటికి 73 పాళ్ళు అన్నమాట. మిగతాది చెమ్మ, పొటాషియం సల్ఫేట్, క్లోరైడ్ లాంటివి అయ్యుండాల. కట్టెల పొయ్యి సరుక్కి ఇది తక్కువేం కాదు.

మే 20

కరెంటు పెట్టినాం. గాజు గ్లాసులో ఉప్పు నీళ్ళు, దాంట్లో శంఖుపూల నీళ్ళు, రెండు పెన్సిల్ ముల్లులు, 9 వోల్టుల బ్యాటరీ. క్లోరిన్ వాసన వస్తుంది గాబట్టి వసారాలో, రెండే నిమిషాలు. మైనస్ వైపు బుడగలతో పాటు పచ్చరంగు పొగ మాదిరి దిగింది, ప్లస్ వైపు రంగు వెలిసిపోయింది. పచ్చగా అయింది అంటే అక్కడ క్షారం పుట్టింది, మన కళ్ళ ముందు ఉప్పులోంచి సోడియం హైడ్రాక్సైడ్ తయారైంది. ఫ్యాక్టరీల్లో కాస్టిక్ సోడా చేసేది కూడా ఇట్లనే, ఉప్పు నీళ్ళల్లో కరెంటు పెట్టి.

"మరి సోడియం ఎందుకు రాలేదు మామా?" నీళ్ళు ఉన్నంతవరకూ రాదు. సోడియం అయాన్ ఎలక్ట్రాన్ తీసుకోవడం కంటే నీళ్ళు తీసుకోవడం సులువు, అందుకే హైడ్రోజనే బయటికి వస్తుంది. ఈ లోహాలని మొదట బయటికి తీసిన ఇంగ్లండ్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ కూడా ముందు ఇక్కడే ఆగిపోయినాడు. పొటాష్‌ని నీళ్ళల్లో కరిగించి కరెంటు పెడితే నీళ్ళే విడిపోయినాయి. 1807 అక్టోబర్‌లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో నీళ్ళు తీసేసి, కరెంటు పారడానికి చాలినంత రవ్వంత చెమ్మ మాత్రం ఉంచి, గట్టి పొటాష్‌కే పెద్ద బ్యాటరీ తగిలించినాడు. అది కరిగింది, మైనస్ వైపు పాదరసం చుక్కల్లాంటివి పుట్టినాయి, కొన్ని పుట్టీ పుట్టగానే మంట పట్టుకున్నాయి. ఆయనకి అప్పటికి 28 ఏళ్ళు, సంతోషం పట్టలేక గదంతా గంతులేసినాడని పక్కనే ఉన్న ఆయన బంధువు చెప్పినాడు. కొన్ని రోజులకే సోడియం కూడా తీసినాడు. మొట్టమొదటి బ్యాటరీ, వోల్టా చేసింది, వచ్చి అప్పటికి ఏడేళ్ళే. బ్యాటరీ పని చేసేవాడిగా నాకు ఇది చదివితే ఒళ్ళు పులకరించింది, ఈ లోహాలని బయటికి తెచ్చింది బ్యాటరీనే.

మే 22

మంట పరీక్ష. పాత హీటర్ కాయిల్ తీగ ముక్కని కొక్కెంగా వంచి, గ్యాస్ స్టవ్ నీలం మంటలో ఎర్రగా కాల్చి శుభ్రం చేసి, ఉప్పు నీళ్ళల్లో ముంచి పెడితే మంటంతా గట్టి పసుపు. ఎల్‌ఈడీలు రాకముందు రోడ్ల మీద ఉన్న పసుపు లైట్లు ఇదే రంగు, అవి సోడియం ల్యాంపులు. ఆ తర్వాత ఎరువుల షాపులో రైతులు ఎమ్మోపీ అని అడిగే పొటాష్ పట్టుకొచ్చినా, అది పొటాషియం క్లోరైడ్. అది పెట్టినా పసుపే కనిపించింది, పాప నిరుత్సాహపడింది. ఎమ్మోపీలో రవ్వంత ఉప్పు ఉన్నా చాలు, సోడియం వెలుగు అంత గట్టిది, మిగతావాటిని మింగేస్తుంది. తెలిసిన కెమిస్ట్రీ లెక్చరర్ ఒకాయన కోబాల్ట్ నీలం గాజు ముక్క ఇచ్చినాడు. దాన్ని అడ్డం పెట్టుకుంటే పసుపు ఆగిపోతుంది. లేత వంగపువ్వు రంగు కనిపించింది. మా బూడిద పెచ్చు పెట్టినా అదే వంగపువ్వు రంగు.

మా అమ్మని పిలిచి చూపించినాం. చానాసేపు గాజు పట్టుకునే ఉండిపోయింది. ఇట్ల మంటలో రంగులు పట్టుకునే జర్మనీ శాస్త్రవేత్తలు బున్సెన్, కిర్కాఫ్ 1860 లో సీజియం, ఆ మరుసటేడు రుబిడియం కనుక్కున్నారు, లోహాన్ని చేత్తో ముట్టుకోకముందే దాని వెలుగు చూసి ఇది కొత్తది అని చెప్పేసినారు.

మే 25

ఈ రోజు లోహం చూసినాం. అదే లెక్చరర్ వాళ్ళ కాలేజీ ల్యాబుకి రమ్మన్నాడు. సోడియం ఇంట్లో తెచ్చి చేసేది కాదు, అది గట్టిగా చెప్తున్నా, ఎవరూ చేయొద్దు.

సీసాలో కిరోసిన్, దాంట్లో మడ్డి రంగు ముద్ద. పటకారుతో తీసి, బ్లేడుతో కోస్తే పాలకోవా తెగినట్టు తెగింది. లోపల వెండి మాదిరి మెరుపు, అది చూస్తా ఉండగానే మసకబారిపోయింది. బియ్యపు గింజంత ముక్క, తడి తుడిచి, అద్దం చాటు నుంచి పెద్ద తొట్టి నీళ్ళల్లో వేసినాడు. మునగలేదు, సోడియం నీళ్ళ కంటే తేలిక. కరిగి గుండ్రటి పూస అయ్యి, బుస్సుమంటా తొట్టంతా ఉరుకుతా తిరిగింది, తిరిగిన దారంతా గులాబీ గీత, నీళ్ళల్లో ముందే ఫినాఫ్తలీన్ వేసున్నాడు, క్షారం తగిలితే గులాబీ అయ్యే మందు అది. అర నిమిషంలో పూస లేదు. పొటాషియం అయితే వదిలిన హైడ్రోజన్ అక్కడే అంటుకుని వంగపువ్వు రంగు మంటతో మండుతుందంట, లిథియం నెమ్మదిగా బుడబుడలాడుతుంది, సీజియం అయితే పేలుతుంది. వరసలో కిందికి పోయేకొద్దీ బయటి ఎలక్ట్రాన్ కేంద్రానికి దూరం, దాని మీద పట్టు తక్కువ, సులువుగా వదిలేస్తుంది.

పాప జేబులోంచి మే 6 న చేసిన పసుపు కాగితం తీసి, లెక్చరర్ని అడిగి, పటకారుతో తొట్టిలో ముంచింది. ఎర్రగా మారింది. అక్కడే నిలబడి నన్ను చూసి చెప్పింది. "క్షారం పని చేసేది సోడియం కాదు గదా మామా. సోడియం ఎలక్ట్రాన్ ఇచ్చి నీళ్ళని విరగ్గొట్టింది, హైడ్రోజన్ పోయింది, హైడ్రాక్సైడ్ మిగిలింది. బూడిదలో కార్బొనేట్ నీళ్ళ దగ్గర హైడ్రోజన్ అయాన్ లాక్కుంటే కూడా మిగిలేది అదే హైడ్రాక్సైడే." లెక్చరర్ ఏమీ కలపలేదు, తల ఊపినాడు అంతే. ఆ లోహాలు నీళ్ళల్లో పడితే క్షారం పుడుతుంది గాబట్టి క్షార లోహాలు. మే 3 రాత్రి అన్నం దగ్గర అడిగిన ప్రశ్నకి జవాబు తనే చెప్పుకుంది.

మే 31

పాప వాళ్ళ ఊరికి పోయేముందు షాపు చూస్తానంటే తీసుకొచ్చినా. లిథియం ఇన్వర్టర్ చూపించినా, వరసలో మొదటి లోహం పని చేసేది దీంట్లోనే అని. టేబుల్ మీద ఒక కస్టమర్ ఇచ్చిన ఏసీ రిమోట్ ఉంది, సెల్లులు కారిపోయి స్ప్రింగు దగ్గర తెల్ల పొడి. నేను అలవాటు కొద్దీ సోడా ఉప్పు నీళ్ళు తీసినా, యాసిడ్ కారితే వాడేది అదే గదా. పాప సెల్లు తిప్పి చూసి "మామా, దీని మీద ఆల్కలైన్ అని ఉండాదే" అనింది.

ఆ మాట రోజూ చదువుతా ఉండా, ఎప్పుడూ అర్థం పట్టించుకోలేదు. ఆ సెల్లులో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్, గట్టి క్షారం. బయటికి కారితే గాలిలో కార్బన్ డయాక్సైడ్ తీసుకుని తెల్ల పొడిగా మారుతుంది, ఆ పొడి పొటాషియం కార్బొనేట్. మా బూడిద పెచ్చే. లెడ్ యాసిడ్ బ్యాటరీ టెర్మినల్ మీద పట్టే పొడికి సోడా ఉప్పు కరెక్టు, మామూలు చవక సెల్లులు కారినా లోపలిది ఆమ్లం జాతే గాబట్టి పర్వాలేదు, కానీ ఆల్కలైన్ సెల్లుకి క్షారం మీద క్షారం పోస్తే ఏం లాభం. ఎన్ని రిమోట్లకి అట్ల చేసినానో.

గ్లవుజులు వేసుకుని పసుపు కాగితం తడిపి పొడి మీద పెట్టినాం, ఎర్రబడింది. చెవిలో పెట్టుకునే దూది పుల్లకి వినిగర్ అద్ది పాప స్ప్రింగు మీద తుడిచింది. సన్నగా నురగ వచ్చింది. తర్వాత స్పిరిట్‌తో తుడిచి, గంటసేపు ఆరబెట్టి, కొత్త సెల్లులు వేసి నొక్కినాం, మా షాపు ఏసీ బీప్ మనింది.

సోడా ఉప్పు డబ్బా పక్కన ఒక వినిగర్ సీసా కొత్తగా పెట్టినాం, పాప దానిమీద స్కెచ్ పెన్నుతో "ఆల్కలైన్ సెల్లులకి" అని రాసి పోయింది.